కాఫీ వాసన, కింద పడిన కవరు: విజయనగరం బజారులో సాయాన్ని కొలిచే ప్రయత్నం (ప్రాజెక్టు డైరీ)

మంచి వాసన వస్తున్న చోట మనుషులు ముక్కూ మొహం తెలియని వారికి మామూలు కంటే ఎక్కువగా సాయపడతారా అన్న ప్రశ్నను విజయనగరం బజారులో కొలిచి చూడాలని మా డిగ్రీ విద్యార్థులతో కలిసి చేపట్టిన పని ఇది. శ్రీకాకుళంలోనో బొబ్బిలిలోనో ఎవరైనా ఇదే పనిని మళ్లీ చేయాలనుకుంటే మేము తీసుకున్న కొలతలూ, మార్చిన పద్ధతులూ, ఖర్చులూ ఉపయోగపడతాయని ఈ డైరీ రాస్తున్నాను. పని ఇంకా పూర్తి కాలేదు. ఫలితం ఏమిటన్నది ఇందులో లేదు, ఎందుకు లేదో దశ 5లో వివరించాను.

ముందున్న పరిశీలనలు

ఈ ప్రశ్నపై తరచుగా ఉదహరించేది అమెరికాలో రాబర్ట్ బారన్ 1997లో ప్రచురించిన పరిశీలన. ఒక షాపింగ్ మాల్‌లో బిస్కెట్లు కాలుస్తున్న వాసన, కాఫీ గింజలు వేయిస్తున్న వాసన వచ్చే దుకాణాల దగ్గర ఒక మనిషి పెన్ను జారవిడిచేవాడు, లేదా డాలరుకు చిల్లర అడిగేవాడు. అదే పనిని ఏ ప్రత్యేకమైన వాసనా లేని బట్టల దుకాణాల దగ్గర కూడా చేశారు. వాసన ఉన్న చోట సాయం ఎక్కువగా అందింది, అక్కడి వారు తమ మనసు హాయిగా ఉందని కూడా ఎక్కువగా చెప్పారు. ఆయన పద్ధతిలో మగవారిని మగవారే, ఆడవారిని ఆడవారే పరీక్షించారు. ఈ ఒక్క నియమాన్ని మేము మొదటి నుంచీ మార్చకుండా ఉంచుకున్నాము.

రెండవది ఫ్రాన్స్‌లో నికొలా గెగెన్ 2012లో ప్రచురించినది. బేకరీ ముందు వస్తువు జారవిడిచినప్పుడు 77 శాతం మంది, బట్టల దుకాణం ముందు 52 శాతం మంది సాయపడ్డారని అందులో ఉంది. అయితే ఈ రచయిత ఇతర పత్రాలు కొన్నింటిలోని లెక్కలపై 2017లో ఇద్దరు పరిశోధకులు బహిరంగంగా ప్రశ్నలు లేవనెత్తారు. తరువాతి కాలంలో ఆయన పత్రాలలో కొన్నింటిని పత్రికలు ఉపసంహరించుకున్నాయి. అందువల్ల ఈ 25 శాతం తేడాను మేము ఆశించవలసిన ఫలితంగా కాక, గరిష్ఠమైన అంచనాగా మాత్రమే తీసుకున్నాము.

హాయి గొలిపే చిన్న సంగతి ఒకటి సాయానికి దారి తీస్తుందన్న ఆలోచన 1972 నాటి ఐసెన్, లెవిన్‌ల ప్రయోగంతో ప్రసిద్ధమైంది. టెలిఫోన్ బూత్‌లో ఎవరో మరచిపోయినట్లు ఉంచిన నాణెం దొరికిన 16 మందిలో 14 మంది, దొరకని 25 మందిలో ఒక్కరు మాత్రమే ఆ తరువాత కాగితాలు జారవిడుచుకున్న మనిషికి సాయపడ్డారు. ఇంత పెద్ద తేడా చూసి ముచ్చటపడేవారు, 1974లో వేరే పరిశోధకులు అదే ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు అది నిలబడలేదన్న సంగతిని కూడా దాని పక్కనే రాసుకోవాలి.

ఈ పరిశీలనలన్నీ చదివిన తరువాత నాకు కలిగిన అభ్యంతరం ఒక్కటే. బేకరీ ముందు నిలబడిన మనిషికీ, బట్టల దుకాణం ముందు నిలబడిన మనిషికీ మధ్య తేడా వాసన ఒక్కటే కాదు. బేకరీకి వచ్చేవాడు పిల్లలకు ఏదో కొనిపెట్టాలని వస్తాడు, నెమ్మదిగా నడుస్తాడు, ఆగి చూస్తాడు. వాసన పనిచేసిందో, ఆ చోటు పనిచేసిందో ఆ పద్ధతిలో తేలదు. చోటు మారకుండా వాసన మాత్రమే మారాలి. ఈ డైరీలోని పని యావత్తూ ఈ ఒక్క వాక్యాన్ని అమలు చేయడానికి పడిన పాటు.

దశ 1: ఆరుబయట, గంటస్తంభం దగ్గర

పాత పద్ధతి ఇక్కడ ఎంతవరకు నడుస్తుందో చూడడానికి ముందుగా గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వెళ్లే బజారు దారిలో బేకరీ ఎదురుగా ఒక చోటు, బట్టల కొట్టు ఎదురుగా ఒక చోటు ఎంచుకున్నాము.

1. చాక్‌పీసుతో నేలపై రెండు గీతలు గీశాము, వాటి మధ్య దూరం 3 మీటర్లు.
2. ఒంటరిగా నడిచి వస్తున్న పెద్ద వయసు మనిషి మొదటి గీత దాటగానే, రెండవ గీత దగ్గర ఉన్న విద్యార్థి పెన్ను జారవిడిచి ముందుకు సాగాలి.
3. 10 సెకన్లలో ఏమి జరిగిందో వెనుక ఉన్న మరొకరు రికార్డు పుస్తకంలో ఒక వరుసగా రాయాలి.

వాసన గురించి చెప్పుకోవలసింది ఏమీ మిగలలేదు. దారిలో గాలి ఉన్నప్పుడు బేకరీ వాసన వీధి మధ్యకు కూడా చేరడం లేదు, గాలి తిరిగితే బట్టల కొట్టు ముందు కూడా అదే వాసన వస్తోంది. దీనికి తోడు ఆటోల పొగ, పక్క సందులోని కాలువ వాసన, పూల కొట్ల వాసన. వాసన ఉన్నదీ లేనిదీ మన అదుపులో లేనప్పుడు కొలతకు అర్థం లేదు.

పెన్ను సంగతి మరింత నేర్పింది. ఆ రొదలో పెన్ను పడిన చప్పుడు ఎవరికీ వినబడదు, పైగా అది దొర్లి స్కూటర్ల కిందికి పోతుంది. చూడని మనిషిని సాయం చేయనివాడిగా లెక్కకట్టడం అన్యాయం. బారన్ వాడిన రెండవ పరీక్ష, అంటే చిల్లర అడగడం, ఇప్పటి బజారులో అసలు పనికిరాదు. మా విద్యార్థి వంద రూపాయల నోటు చూపి చిల్లర అడిగినప్పుడు ఎక్కువగా వచ్చిన జవాబు "చిల్లర నేదు బావూ" అన్నదే. అది నిరాకరణ కాదు, నిజం. అందరూ ఫోన్‌తోనే చెల్లిస్తున్న రోజుల్లో జేబులో చిల్లర ఉండడమే అరుదు. మంచితనాన్ని కొలవబోయి జేబును కొలిచినట్లవుతుంది కాబట్టి ఆ పరీక్షను పూర్తిగా తొలగించాము.

మూడవ అడ్డంకి మేము ఊహించనిది. మేము ఎంచుకున్న చోటుకు పక్కనే ఒక ఏటీఎం ఉంది. నోట్లు కింద పడేసి, "అవి మీవేనా" అని అడిగి, మనిషి వంగిన క్షణంలో సంచి లాక్కుపోయే దొంగల గురించి పత్రికల్లో తరచుగా వస్తూనే ఉంటుంది, పోలీసులు కూడా బ్యాంకుల దగ్గర జాగ్రత్తలు చెబుతుంటారు. ఏటీఎం నుంచి బయటికి వచ్చే వారు కింద పడిన వస్తువును చూసి సంచిని దగ్గరికి లాక్కుని వేగంగా వెళ్లిపోవడం మేము గమనించాము. అది స్వార్థం కాదు, నేర్చుకున్న జాగ్రత్త. కాబట్టి ఈ పని చేయదలచినవారు బ్యాంకుకూ, ఏటీఎంకూ, నగల దుకాణానికీ కనిపించనంత దూరంలో చోటు చూసుకోవాలి.

ఇప్పటివరకు: ఖర్చు 260 రూపాయలు (కొలత టేపు 120, చాక్‌పీసులు 30, పెన్నులు 50, రికార్డు పుస్తకం 60). పనికివచ్చే వరుసలు: 0.

దశ 2: నడవ, వాసన పెట్టె

గంటస్తంభానికి నడక దూరంలో ఉన్న ఒక వాణిజ్య సముదాయంలో రెండు వీధులను కలిపే నడవ ఉంది. పొడవు 14 మీటర్లు, వెడల్పు 2.4, ఎత్తు 3, అంటే లోపల ఉండే గాలి సుమారు 100 ఘనమీటర్లు. రెండు వైపులా ఫ్యాన్సీ, స్టేషనరీ, బట్టల కొట్లు ఉన్నాయి, తినుబండారాల కొట్టు లేదు. దుకాణదారులకు పని వివరించి అనుమతి తీసుకున్నాము. కళాశాలలో కూడా రాతపూర్వకంగా అనుమతి పొందాము. ఫొటోలు, వీడియోలు, పేర్లు ఏవీ తీసుకోకూడదన్నది మాకు మేమే పెట్టుకున్న షరతు.

ఏ వాసన వాడాలన్న చర్చ చాలాసేపు సాగింది. మల్లెపూల వాసన అందరికీ ఇష్టమే, కానీ మల్లెల కాలంలో నడవలో నడిచే ప్రతి రెండవ ఆడమనిషి తలలోనూ పూలు ఉంటాయి, కాబట్టి "వాసన లేని రోజు" అనేది ఉండదు. అగరుబత్తి, సాంబ్రాణి వాసనలు మనిషిని గుడికీ పూజకూ తీసుకుపోతాయి. అప్పుడు సాయం పెరిగినా అది వాసన వల్లనో భక్తి తలపు వల్లనో చెప్పలేము, పైగా పొగ కంటికి కనిపిస్తుంది. వెనీలా ఎసెన్స్ కొందరికి వెగటు పుట్టించింది. కాఫీ పొడి వాసనను అడిగినవారిలో కాదన్నవారు చాలా తక్కువ. ఇక్కడి వీధుల్లో టీ తాగేవారే ఎక్కువైనా, కాఫీ గింజలు మర ఆడించే కొట్టు ముందు నుంచి వెళ్లేటప్పుడు ఆ వాసనను ఇష్టపడనివారు అరుదు. బారన్ వాడిన వాసనలలో అది ఒకటి కావడం కూడా పోల్చుకోవడానికి వీలిస్తుంది.

పెట్టె తయారీ:

1. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు ఒక పక్క 80 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్ బిగించి, 12 వోల్టుల అడాప్టరుతో నడిపాము.
2. ఎదురు పక్క చిల్లులు పొడిచాము.
3. మధ్యలో టీ వడపోసే జల్లెడలో 20 గ్రాముల కాఫీ పొడిని పలుచగా పరిచాము.
4. పొడిని వెచ్చబరచడానికి కింద 40 వాట్ల బల్బు అమర్చాము.

బల్బు వెలిగించిన కొద్దిసేపటికే లోపలి ఉష్ణోగ్రత 70 డిగ్రీల సెల్సియస్ దాటింది, ప్లాస్టిక్ మూత మెత్తబడి వంగింది, పొడి నుంచి మాడు వాసన మొదలైంది. డబ్బాను స్టీలుదిగా, బల్బును 15 వాట్ల జీరో బల్బుగా మార్చాము. ఇప్పుడు ఉష్ణోగ్రత 42 డిగ్రీల దగ్గర నిలుస్తోంది, వాసన కమ్మగా ఉంది. అయితే వెచ్చదనానికి పొడిలోని సువాసన త్వరగా ఎగిరిపోతుంది. అరగంట దాటిన పొడికీ కొత్త పొడికీ తేడా స్పష్టంగా తెలుస్తోంది కాబట్టి, ప్రతి అరగంటకూ 20 గ్రాములు మారుస్తున్నాము. గంట పనికి 40 గ్రాములు.

వాసన ఎంతవరకు చేరుతోందో కొలవడానికి పరికరం లేదు, ముక్కే పరికరం. కానీ పెట్టె దగ్గర నిలబడినవారి ముక్కు కొద్ది నిమిషాలలోనే ఆ వాసనకు అలవాటుపడి, దానిని గుర్తించడం మానేస్తుంది. మొదట నేను "వాసన చాలడం లేదు" అని ఫ్యాన్ వేగం పెంచమన్నప్పుడు, అప్పుడే బయటి నుంచి వచ్చిన స్టేషనరీ కొట్టు యజమాని "ఏటి మాస్టారూ, కాఫీ హోటల్ ఎట్టేసినారా ఏటి" అన్నారు. ఆ మాటతో పద్ధతి మారింది. బయట గాలిలో కనీసం పావుగంట ఉన్న మనిషిని మాత్రమే లోపలికి నడిపించి, వాసన మొదట తగిలిన చోట ఆగమని, ఆ బిందువు నుంచి పెట్టెకు టేపుతో కొలుస్తున్నాము. ప్లాస్టిక్ పెట్టెతో ఆ దూరం 2 మీటర్లు దాటలేదు. స్టీలు పెట్టెను నేల మీద కాక నడుము ఎత్తున, స్టేషనరీ కొట్టు అరుగు మీద పెట్టిన తరువాత అది 4.5 మీటర్లకు చేరింది. కవరు జారవిడిచే చోటు పెట్టెకు 2 మీటర్ల లోపు ఉండేట్లు గీతలు గీశాము.

వాసన తగలడం ఎంత ముఖ్యమో, అది పోవడం కూడా అంతే ముఖ్యమని తరువాత తేలింది. ఉదయం వాసనతో ఒక గంట, వెంటనే వాసన లేకుండా మరొక గంట అని మొదట అనుకున్నాము. పెట్టె ఆపి మూత వేసినా, పక్క కొట్టులో వేలాడుతున్న చీరలు వాసనను పట్టి ఉంచాయి. బయటి నుంచి వచ్చినవారు గంటకు పైగా కాఫీ వాసనను గుర్తించారు. కాబట్టి ఒకే రోజున రెండు స్థితులూ పెట్టడం మానేసి, ఒక రోజుకు ఒకటే స్థితి అని నిర్ణయించాము. వాసన లేని రోజున కూడా పెట్టె అక్కడే ఉంటుంది, ఫ్యాన్ తిరుగుతుంది, బల్బు వెలుగుతుంది, జల్లెడ మాత్రం ఖాళీగా ఉంటుంది. ఫ్యాన్ చప్పుడు, పెట్టె ఉనికి రెండు రోజులకూ సమానంగా ఉండాలన్నదే దీని ఉద్దేశం.

సమయం ఉదయం 10.30 నుంచి 11.30. సాయంత్రం 5 తరువాత వీధి చివర మిరపకాయ బజ్జీల బండి వస్తుంది. నూనె కాగిన తరువాత మన పెట్టె ఉన్నా లేనట్లే.

ఇప్పటివరకు: ఈ దశలో ఖర్చు 1,410 (ఫ్యాన్ 150, అడాప్టర్ 220, ప్లాస్టిక్ డబ్బా 180, జల్లెడలు 80, 40 వాట్ల బల్బు, హోల్డర్ 90, డిజిటల్ థర్మామీటర్ 250, కాఫీ పొడి 200 గ్రాములు 180, స్టీలు డబ్బా 240, జీరో బల్బు 20). మొత్తం 1,670 రూపాయలు. పనికివచ్చే వరుసలు: 0.

దశ 3: ఏ వస్తువు పడాలి, ఏది సాయం

పెన్ను పోయింది కాబట్టి వేరే వస్తువు కావాలి. చేతిరుమాలు ప్రయత్నించాము. పరాయి వారి చేతిరుమాలును చేత్తో ముట్టుకోవడానికి మనవాళ్లు జంకుతారు, అది శుభ్రతకు సంబంధించిన సంకోచమే తప్ప సాయం చేయని గుణం కాదు. తాళాల గుత్తి పడితే ఆ చప్పుడుకు నడవలోని వారందరూ ఒక్కసారిగా తిరుగుతారు, ఎవరు ఎవరిని చూసి కదిలారో తెలియదు. చివరకు ఖాకీ కవరు నిలిచింది. అందులో 10 ఏ4 కాగితాలు మడిచి పెట్టాము. 80 గ్రాముల రకం కాగితం ఒక్కొక్కటి 5 గ్రాములు, కాబట్టి లోపలి బరువు 50 గ్రాములు. కవరు దొర్లదు, పడినప్పుడు దగ్గరివారికి వినబడేంత చప్పుడు చేస్తుంది, బూడిద రంగు నేల మీద కనిపిస్తుంది. లోపల ముఖ్యమైన కాగితాలు ఉండవచ్చన్న భావన కూడా కలిగిస్తుంది. డబ్బు ఉందన్న అనుమానం రాకుండా అంటించకుండా, కాగితాల అంచులు కనిపించేట్లు ఉంచాము.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టినది సాయాన్ని నిర్వచించడం. విదేశీ పరిశీలనలలో సాయం అంటే వస్తువును తీసి ఇవ్వడం, లేదా పడిందని చెప్పడం అని సులువుగా తేల్చారు. ఇక్కడ మనుషులు వంగే లోపే నోరు విప్పుతారు. "బావూ, నీ కవరు పడిపోనాది, సూసుకో" అని పది అడుగుల దూరం నుంచి కేకవేసే పెద్దాయన, "ఓ పాపా, నీదే" అని పక్కవారి భుజం తట్టించి చెప్పించే అమ్మ, తాను ఆగకుండానే దుకాణదారుడికి చేయి చూపించే కుర్రవాడు, వీరిలో ఎవరిని ఏ గడిలో రాయాలి? పరిశీలకులు ఇద్దరు ఒకరి కాగితం మరొకరు చూడకుండా రాసినప్పుడు, రిహార్సల్‌లో వేసిన 20 సార్లలో 13 సార్లు మాత్రమే వారి రాతలు కలిశాయి. ఆ కాగితాలు ముందు పెట్టుకుని నియమాలు ఇలా తిరగరాశాము:

0. చూడలేదు, లేదా చూసీ ఏమీ చేయలేదు.
1. తిరిగి చూసి, ఆగి, ఏమీ అనకుండా వెళ్లాడు.
2. నోటితో గానీ, సైగతో గానీ, వేరొకరి ద్వారా గానీ 10 సెకన్లలోపు తెలియజేశాడు.
3. తానే తీసి ఇచ్చాడు.

2, 3 రెండూ సాయమే. నాలుగు గడులుగా రాసినా, చివరి లెక్కలో రెండే భాగాలు: సాయం అందింది, అందలేదు. కేకవేసి చెప్పడాన్ని తక్కువ సాయంగా చూడరాదన్నది నా దృఢమైన అభిప్రాయం. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ వంగలేక కేకవేస్తే, ఆమె చేయగలిగినదంతా చేసినట్లే. ఈ నియమాలతో మళ్లీ 20 సార్లు రాయించగా 18 సార్లు కలిశాయి.

ఇక మిగిలినది పక్షపాతం. కవరు జారవిడిచే విద్యార్థికి ఈరోజు కాఫీ వాసన ఉందని తెలిస్తే, తెలియకుండానే అతని నడకలో, జారవిడిచే తీరులో తేడా రావచ్చు. పెట్టె పక్కనే తిరిగే మనిషికి వాసన తెలియకుండా చేయడం ఎలా? ఈతగాళ్లు పెట్టుకునే నోస్ క్లిప్ పెట్టుకుని, దానిపై మామూలు మాస్కు వేసుకోవడం మాకు దొరికిన ఉపాయం. మాస్కు చూసి ఎవరూ వింతపడరు. మాస్కు వల్ల సాయం కొంత తగ్గినా, రెండు స్థితులలోనూ సమానంగా తగ్గుతుంది. పరిశీలకులు పెట్టెకు 12 మీటర్ల దూరంలో, నడవ బయట, గాలి వచ్చే వైపు కూర్చుంటారు. అక్కడికి వాసన చేరదని బయటి ముక్కులతో పరీక్షించాము. జల్లెడలో పొడి వేసేది, వేయనిది ఒక్కరికే తెలుసు, ఆ ఒక్కరు పరిశీలన సమయంలో అక్కడ ఉండరు. అరగంటకు పొడి మార్చడానికి వచ్చినప్పుడు, వాసన లేని రోజున కూడా జల్లెడ తీసి మళ్లీ పెట్టి వెళతారు.

ఇప్పటివరకు: ఈ దశలో 350 (కవర్లు, కాగితాలు 100, మాస్కులు 100, నోస్ క్లిప్పులు రెండు 150). మొత్తం 2,020 రూపాయలు. పనికివచ్చే వరుసలు: 0. రిహార్సల్ వరుసలను లెక్కలో కలపలేదు.

దశ 4: ఎంత మంది కావాలి

ఇది ముందుగా తేల్చుకోకపోతే తరువాతి శ్రమ వృథా. 52, 77 శాతాలంత పెద్ద తేడా నిజంగా ఉంటే, దానిని 80 శాతం అవకాశంతో పట్టుకోవడానికి ఒక్కొక్క స్థితికి 54 మంది చాలు. తేడా 50, 65 శాతాల మధ్య ఉంటే 167 మంది కావాలి. 50, 60 శాతాల మధ్య ఉంటే 385 మంది. తేడా సగానికి తగ్గితే అవసరమైన మనుషులు నాలుగింతల దాకా పెరుగుతారు. మా ఓపికకూ, దుకాణదారుల ఓపికకూ తగిన లక్ష్యంగా 15 శాతం తేడాను ఎంచుకున్నాము. అంటే రెండు స్థితులకూ కలిపి 334.

అయితే ఒకే రోజున పరిశీలించిన పదిమందీ ఒకరికొకరు పూర్తిగా సంబంధం లేనివారు కారు. ఆ రోజు ఎండ, జనం, కరెంటు పరిస్థితి అందరికీ ఒకటే. ఈ పోలికను (0 అంటే అసలు లేదు, 1 అంటే అందరూ పూర్తిగా ఒకటే) 0.02గా అనుకుంటే, రోజుకు పదిమంది చొప్పున అవసరం 1.18 రెట్లు అవుతుంది, 334 కాస్తా 394 అవుతుంది. దానిని 400కు సవరించాము: రోజుకు 10 చొప్పున 40 గంటలు, వాటిలో 20 వాసనతో, 20 లేకుండా.

ఏ రోజు ఏ స్థితి అన్నది చీటీలు తీసి నిర్ణయిస్తున్నాము. వారాలను జతలుగా తీసుకుని, ఒక మంగళవారం వాసన వస్తే తరువాతి మంగళవారం వాసన లేకుండా ఉండేట్లు చూస్తున్నాము. మంగళవారం పైడితల్లి అమ్మవారి దర్శనానికి వచ్చేవారితో బజారు తీరే మారిపోతుంది కాబట్టి, ఆ రోజును శుక్రవారంతో పోల్చడం తగదు. సిరిమానోత్సవం చుట్టుపక్కల రోజులను పూర్తిగా వదిలేస్తాము. అంత జనంలో ఒంటరిగా నడిచే మనిషే దొరకడు.

తొందర కూడా కొలతలో చేరవలసినదే. 1973లో డార్లీ, బాట్సన్‌లు మతబోధన చదువుతున్న విద్యార్థులను ఒక ఉపన్యాసం ఇవ్వడానికి పంపుతూ, దారిలో ఒక మనిషి కూలబడి ఉండేట్లు చేశారు. తీరిక ఉన్నవారిలో 63 శాతం మంది, బాగా ఆలస్యమైందని చెప్పి పంపినవారిలో 10 శాతం మంది మాత్రమే ఆగారు. తొందరకు ఇంత బలం ఉంటే, వాసన ప్రభావం దాని కింద కనిపించకుండా పోవచ్చు. అందుకని ప్రతి మనిషీ 3 మీటర్ల గీతల మధ్య దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటాడో స్టాప్‌వాచ్‌తో రాస్తున్నాము. ఫోన్ చూస్తూ నడుస్తున్నాడా అన్నది మరొక గడి. ఇటువంటి వారిని తరువాత తీసివేయడం లేదు. ముందే గడి పెట్టి అందరినీ లెక్కలో ఉంచుతున్నాము.

మనసు హాయిగా ఉండడమే సాయానికి కారణమా అన్నది వేరే ప్రశ్న. వాసన సంకేతం మెదడులో ఉద్వేగాలకు సంబంధించిన అమిగ్డలా భాగానికి, చూపు, వినికిడిల దారిలో ఉండే థాలమస్‌ను దాటకుండానే చేరుతుంది. వాసనలు ఆలోచన కంటే ముందే మనసును తాకడానికి దీనిని ఒక కారణంగా చెబుతారు. ఇక్కడ మేము చేస్తున్నది చిన్న పని: నడవ దాటి బయటికి వచ్చినవారిలో, కవరు పరీక్షకు గురికాని వారిని మాత్రమే ఆపి, ఐదు ముఖాల బొమ్మలున్న కాగితం చూపి, ఇప్పుడు మీ మనసు దేనికి దగ్గరగా ఉందో వేలు పెట్టి చూపమంటున్నాము. కవరు తీసి ఇచ్చినవారిని అడగకపోవడానికి కారణం ఉంది. సాయం చేయడం వల్ల కూడా మనసు హాయిపడుతుంది, అప్పుడు ఏది ముందో ఏది వెనుకో తెలియదు.

దశ 5: లెక్క నడుస్తోంది

ఇప్పటికి 12 గంటల పరిశీలన పూర్తయింది, 120 వరుసలు రాశాము. ముందుగా రాసుకున్న నియమాల ప్రకారం 7 వరుసలు కొట్టివేశాము. అందులో 3 చోట్ల నడిచి వచ్చిన మనిషికి మా విద్యార్థి తెలిసినవాడే. "నువ్వు ఫలానా వాళ్ల అబ్బాయివి కదూ" అని కవరుతో పాటు ఊరి కబుర్లు కూడా అందించిన వరుసను అపరిచితుడికి చేసిన సాయంగా లెక్కించలేము. ఊరు చిన్నది, ఈ ఇబ్బంది శ్రీకాకుళంలోనూ తప్పదు. దూరపు మండలాల నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండే విద్యార్థులకు ఈ పని అప్పగిస్తే ఇది తగ్గుతుంది. మరో 2 చోట్ల కొట్టులోని పనివాళ్లు ముందే కవరు తీసి ఇచ్చారు. మిగిలిన 2 చోట్ల సరిగ్గా ఆ క్షణంలో వేరే మనుషులు గీతల మధ్యకు వచ్చారు.

కొట్టు పనివాళ్ల సంగతి వల్ల ఒక మార్పు చేశాము. ఒకే ముఖం రోజూ కవరు జారవిడుచుకుంటే వారికి గుర్తుండిపోతుంది, దారిన పోయేవారికి సైగ చేస్తారు. ఇప్పుడు ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు వంతులవారీగా వస్తున్నారు. రెండు కవర్ల మధ్య కనీసం 6 నిమిషాల వ్యవధి ఉంటుంది. పనివాళ్లతో మాట్లాడి, 10 సెకన్ల వరకు కదలవద్దని కోరాము. వారు ఎంతో శ్రద్ధగా సహకరిస్తున్నారు.

కరెంటు పోతే ఆ గంటను మొత్తం రద్దు చేస్తున్నాము. ఇన్వర్టర్ పెడదామన్న సూచన వచ్చింది గానీ, కరెంటు లేని నడవలో కొట్ల లైట్లు కూడా ఆరిపోతాయి, జనం నడక మారుతుంది. వాసన ఒక్కటి నిలిపి ప్రయోజనం లేదు.

సాయం చేసిన ప్రతి మనిషికీ విద్యార్థి కృతజ్ఞతలు చెప్పి, ఇది కళాశాల పరిశీలన అని, వారి పేరు ఎక్కడా రాయలేదని చెబుతాడు. ఒక చిన్న కాగితంపై కూడా ఆ మాటే ముద్రించి ఇస్తున్నాము. వద్దంటే వారి వరుసను అక్కడే కొట్టివేస్తామని అందులో ఉంది. ఇంతవరకు ఎవరూ వద్దనలేదు.

ఏ రోజు వాసన ఉందో, ఏ రోజు లేదో రాసిన చీటీలు అంటించిన కవరులో కళాశాల బీరువాలో ఉన్నాయి. 400 వరుసలు పూర్తయ్యే వరకు వాటిని తెరవము. సగంలో తెరిచి చూస్తే, తేడా కనిపించిన చోట ఆపేయాలనీ, కనిపించని చోట ఇంకొన్ని రోజులు పొడిగించాలనీ మనసు లాగుతుంది. అలా ఆగిన లెక్క లేని తేడాను కూడా ఉన్నట్లు చూపిస్తుంది. అందువల్లనే ఈ డైరీలో శాతాలు రాయలేదు.

తెరిచిన రోజున చేయవలసిన లెక్కను ఇప్పుడే రాసి పెట్టాము:

1. రెండు స్థితులలో సాయం అందిన వారి శాతం, వాటి తేడా, ఆ తేడాకు 95 శాతం అవధి (అసలు తేడా ఉండగల హద్దులు). రోజులను గుంపులుగా పరిగణించాలి.
2. అదే లెక్కను నడక వేగం, ఫోన్ గడులతో కలిపి మరొకసారి.
3. మగవారికీ ఆడవారికీ విడివిడిగా, కానీ దానిని నిర్ధారణగా కాక సూచనగా మాత్రమే.
4. బొమ్మల కాగితంపై రెండు స్థితుల తేడా.
5. తేడా ఏమీ లేకపోయినా, వాసన లేని రోజులలోనే సాయం ఎక్కువైనా, అన్ని వరుసలూ ఉన్నవి ఉన్నట్లుగా ప్రచురించాలి.

ఇప్పటివరకు: ఈ దశలో 270 (కాఫీ పొడి 300 గ్రాములు). మొత్తం 2,290 రూపాయలు. రాసిన వరుసలు 120, కొట్టివేసినవి 7, నిలిచినవి 113. ఇంకా కావలసినవి 287.

ఇదే పని మొదలుపెట్టేవారికి

నడవ దొరకనిదే పెట్టె చేయవద్దు, చోటును బట్టే పెట్టె ఎత్తూ దూరమూ మారతాయి. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల ఆరుబయట ఈ పని సాగదు, కప్పు ఉండి రెండు వైపులా తెరిచి ఉన్న దారి వెతకాలి. స్టీలు డబ్బా, జీరో బల్బుతోనే మొదలుపెడితే ప్లాస్టిక్ డబ్బా, 40 వాట్ల బల్బుల ఖర్చు మిగులుతుంది. నోస్ క్లిప్పులు పరిమాణం చూసి కొనాలి, వదులుగా ఉన్నవి మాస్కు కింద జారిపోతాయి. కాఫీ పొడిలో చికోరీ కలిపినది కాకుండా అచ్చమైనది, ఆ వారం మర ఆడించినది మాత్రమే వాడాలి. కొన్న ప్రతిసారీ ఒకే కొట్టులో, ఒకే రకం గింజలతో ఆడించుకుంటే ఒక వారం వాసనకూ మరొక వారం వాసనకూ తేడా తగ్గుతుంది. మిగిలిన పొడిని గాలి చొరని సీసాలో, పరిశీలకుల బల్లకు దూరంగా ఉంచాలి.